గిర్ని సంతోషి ఊగిన ఆదివారం

ఆ వీడియోలో తల విరబోసుకుని ఊగుతున్న మనిషి పక్కన ఉన్నది నేనే. రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని, కళ్ళు చిట్లించుకుని, ఆకుపచ్చ చీరలో ఓ లావుపాటి ఆవిడ కనిపిస్తుంది చూడండి, అది నేను. పేరు వసంతలక్ష్మి. అక్కడేం జరిగిందో చెప్పే హక్కు ఇబ్రహీంపట్నంలో ఎవరికైనా ఉంటే నాకుంది. అయినా నన్ను అడిగిన పాపాన పోయినవాడు ఒక్కడు లేడు. అడక్కుండానే అందరూ తేల్చేశారు. అందుకే నాకు ఒళ్ళు మంట.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. మా ఆయన కృష్ణారావు గారు ప్లాట్ల వెంచర్‌లో పని దొరికిందని సాగర్ రోడ్డు మీదికి వస్తే ఆయన వెనకాల నేనూ వచ్చాను. వచ్చిన కొత్తలో ఇక్కడి మాట నాకు సగం తెలిసేది కాదు. నా మాటకు వీళ్ళు నవ్వేవాళ్ళు. అప్పట్లో నన్ను నోరారా పలకరించింది ఎదురింటి సంతోషి ఒక్కతే. ఇంటి ముందు గదిలో ఆవిడది పిండి గిర్ని. నేను మా కిటికీ దగ్గర మిషను వేసుకుని జాకెట్లు కుడతాను. పొద్దస్తమానం ఒకరికొకరం కనిపిస్తూనే ఉంటాం కానీ మాట మాత్రం వినిపించదు. గిర్ని మోత అలాంటిది.

సంతోషికి నలభై దాటాయి. భర్త బాలరాజ్ నీళ్ళ ట్యాంకర్ నడుపుతాడు. మంచివాడే, కాకపోతే నలుగురూ ఏమంటారో ముందు చూసుకుని, తను ఏమనుకోవాలో ఆ తర్వాత చూసుకునే రకం. అత్తగారు నాగులమ్మ. ఏటా బోనాలకు ఆవిడ ఒంటి మీదికి మైసమ్మ తల్లి వస్తుంది. ఇక్కడ దాన్ని శిగమూగడం అంటారు. డప్పు మొదలైందంటే నాగులమ్మ జుట్టు విప్పుకుని ఊగుతుంది, వాడకట్టంతా చేతులు కట్టుకుని నిలబడుతుంది. ఆవిడంటే భయమూ ఉంది, భక్తీ ఉంది.

గిర్ని మాత్రం పూర్తిగా సంతోషి చేతి మీదే నడుస్తుంది. జొన్నలు, గోధుమలు, కారం, పసుపు, ఏది తెచ్చినా పట్టి ఇస్తుంది. పెళ్ళిళ్ళ రోజుల్లో పసుపు పట్టీ పట్టీ ఆవిడ అరచేతులు, చెంపలు, పాదాలు పచ్చగా అయిపోతాయి. సబ్బుతో ఎంత రుద్దినా వదలదు. ఈ సంగతి మీకు గుర్తుండాలి, ఎందుకంటే దీన్నిబట్టే ఊళ్ళో పెద్దమనుషులు ఆవిడ మీద తీర్పు చెప్పేశారు.

ఈ పాటల పిచ్చి ఎలా పట్టిందో కూడా చెప్తాను. మెమరీ కార్డులో పాటలు వేయించుకునే రోజులు అవి. బస్ డిపో దగ్గర ఐలేష్ అనే అబ్బాయి ఫోన్ల షాపు నడిపేవాడు. సంతోషి వెంట నేనూ వెళ్ళాను.

"ఏం పాటలు ఎక్కియ్యాలె అక్కా? సినిమాయా, దేవునియా?" అని అడిగాడు.

"ఏవన్న గానీ. గిర్ని నడుస్తుంటె గూడ వినవడాలె. గంతే."

"గిర్ని మోతల ఏ పాట వినవడ్తదక్కా?"

"గదే నిన్ను అడుగుతున్న."

వాడు నవ్వి, తమాషాకు ఆ కార్డు నిండా హెవీ మెటల్ అనే చెవులు బద్దలయ్యే పాటలు ఎక్కించి ఇచ్చాడు. మర్నాడు ఈవిడ వచ్చి తిడితే నలుగురితో కలిసి నవ్వుకుందామని వాడి ఆశ. ఆవిడ మర్నాడు వెళ్ళి, ఇంకో కార్డు ఇచ్చి ఇలాంటివే ఇంకొన్ని ఎక్కించమంది. మామూలు పాటలు ఆ మోతలో కొట్టుకుపోతాయట. ఇవి మాత్రం ఎదురు నిలబడతాయట. "గిర్ని జొన్నలకు ఒక తీరు మొత్తుకుంటది, పసుపుకు ఒక తీరు మొత్తుకుంటది అక్క. గీ పాటలు దానితోని కొట్లాడ్తయి" అంది. నాకు ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. అప్పట్నుంచీ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, గిర్ని ముందు నిలబడి తల ఆడిస్తూనే పిండి పట్టింది. చూసినవాళ్ళు మెడనొప్పి కాబోలనుకున్నారు.

మొన్న ఎండాకాలం చివర్లో ఆవిడకు ఇష్టమైన బెంగళూరు బ్యాండు ఒకటి హైటెక్ సిటీ వైపు వస్తోందని ఫోన్‌లో చూసింది. ఆదివారం మధ్యాహ్నం మొదలుపెట్టి దీపాల వేళకు ముగిస్తారట. రెండు టికెట్లు కొని, ఒకటి నాకని చెప్పింది. నేను వద్దంటే వద్దన్నాను. ఆవిడ బతిమాలలేదు, ఊరికే నా మొహం చూసి వెళ్ళిపోయింది. ఆ చూపు చూశాక ఎలా మానుకుంటాను? బయల్దేరాను.

ఇంట్లో ఆవిడ అబద్ధమేమీ చెప్పలేదు. "పాటల ప్రోగ్రాంకు పోతున్న" అంది.

"ఎవ్వలతోని?" అన్నాడు బాలరాజ్.

"వసంతక్కతోని."

నా పేరు వినేసరికి భజన అనుకున్నట్టున్నాడు, మారు మాట్లాడకుండా సరేనన్నాడు.

బస్సులో ఎల్.బి. నగర్ దాకా, అక్కణ్ణుంచి మెట్రో, అమీర్‌పేటలో దిగి ఇంకో మెట్రో. దారి పొడుగునా సంతోషి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకున్నాను, అంతసేపు ఖాళీ కడుపుతో ఎవరుంటారు? తీరా హాలు గేటు దగ్గరికి వెళ్తే నల్లచొక్కా తొడుక్కున్న ఓ పహిల్వాను మాకు అడ్డం నిలబడ్డాడు.

"పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చారా అమ్మా? బయట వెయిట్ చెయ్యండి."

"ఏ పిల్లల్ని నాయనా? టికెట్లు మావి" అన్నాను.

వాడు నా చీర చూశాడు, సంతోషి కాళ్ళ పసుపు చూశాడు, మళ్ళీ నా మొహం చూశాడు. సంతోషి ఫోన్‌లో టికెట్లు చూపించింది. దాన్ని రెండుసార్లు పరీక్షించి, ఇంకొకణ్ణి పిలిచి చూపించి, అప్పుడు దారి ఇచ్చాడు. మా ముందు వెళ్ళిన కుర్రాళ్ళను ఇన్ని ప్రశ్నలు అడిగాడా? లేదు. పైగా నా పులిహోర డబ్బా లాక్కుని పక్కన పడేశాడు. బయటి తిండి లోపలికి రాకూడదట. లోపలేమో గ్లాసుల్లో బీరు పారుతోంది. పులిహోర మాత్రం ప్రమాదం. ఏమనాలి వీళ్ళను?

లోపలికి అడుగు పెట్టగానే గుండెల మీద ఎవరో గుద్దినట్టయింది. తీరా చూస్తే అది డ్రమ్ము మోత. నా చేతి గాజులు వాటంతట అవే వణికాయి. పాడేవాడు పాడుతున్నాడో, ఎవర్నయినా తిడుతున్నాడో తెలియలేదు, గొంతులో గులకరాళ్ళు పోసుకుని పుక్కిలిస్తున్నట్టుంది. ఎర్రటి లైట్లు, పొగ, ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటూ గుండ్రంగా పరిగెత్తే కుర్రాళ్ళు. "కొట్టుకుంటున్నారమ్మా, ఎవరినైనా పిలవండి" అని పక్కనున్న అమ్మాయి చెవిలో అరిచాను. "కొట్టుకోవట్లేదు ఆంటీ, ఆడుకుంటున్నారు" అని ఆ పిల్ల కూడా అరిచింది. నిజమే, ఒకడు కింద పడితే చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆగి లేపి, దులిపి, మళ్ళీ గుద్దుకోవడం మొదలుపెట్టారు. ఆర్టీసీ బస్సు ఎక్కేటప్పుడు మనవాళ్ళు ఆ పాటి మర్యాద చూపించరు.

సంతోషి మొదట్లో వెనకాల గోడకు ఆనుకుని నిలబడింది. సంచి భుజాన ఉంది. బస్టాపులో నిలబడ్డట్టే ఉంది. కాసేపటికి గిటారు ఏదో కొత్త వరస ఎత్తుకుంది. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అక్కా, గిది నా పసుపు పాట."

పసుపు పట్టేటప్పుడు ఎప్పుడూ వినే పాటట. సంచి నా చేతిలో పెట్టి, జనాన్ని తోసుకుంటూ స్టేజీ ముందున్న ఇనప కడ్డీ దాకా వెళ్ళింది. నేను గుంపులో తప్పిపోతానన్న భయంతో వెంటే పరిగెత్తాను. ఆవిడ కడ్డీని రెండు చేతులా పట్టుకుని, జడ క్లిప్పు లాగేసి, ఊగడం మొదలుపెట్టింది. మెడ, నడుము, జుట్టు, అంతా. ఏడుస్తోందేమోనని హడలిపోయి ముందుకు వంగి చూశాను. ఏడవట్లేదు, నవ్వుతోంది. నోరంతా తెరిచి నవ్వుతోంది. ఇన్నేళ్ళుగా రోజూ చూసే మనిషి, అలా నవ్వగలదని నాకు తెలియదు. ఆ మోతకు నా తల పగిలిపోతోంది, అయినా నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. చుట్టూ ఉన్న పిల్లలు ఆవిడకు చోటిచ్చి చప్పట్లు కొట్టారు. ఎవడో ఫోన్ ఎత్తి వీడియో తీశాడు.

తిరుగు మెట్రోలో మా ఇద్దరికీ చెవులు పనిచెయ్యక ఒకరితో ఒకరం అరుచుకున్నాం. బోగీ అంతా మావైపే చూసింది. "కడుపు నిండిందక్కా" అంది సంతోషి.

అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది. ఆ వీడియో ఎవడో నెట్‌లో పెట్టాడు. అది తిరిగి తిరిగి మా వైపు వచ్చేసరికి ఆషాఢం వచ్చింది. మావాళ్ళలోనే ఎవడో తెలివిమంతుడు ఆ గిటారు మోత తీసేసి, దాని మీద బోనాల డప్పు అతికించాడు. ఇక చూసుకోండి. ఎర్ర లైటు దీపాల వెలుగయింది, పొగ సాంబ్రాణి అయింది. పసుపు చెంపలు ఎలాగూ ఉన్నాయి, విరబోసిన జుట్టు ఉంది, నాగులమ్మ కోడలాయె. సంతోషి మీదికి మైసమ్మ తల్లి వచ్చిందని ఊరంతా ఒక్కటే మాట. చెవుల్లో వేళ్ళు పెట్టుకున్న నేను అమ్మవారికి దండం పెడుతున్నానట.

మర్నాటి నుంచి ఆడవాళ్ళు గిర్నికి గింజలు లేకుండా రాసాగారు. నిమ్మకాయలు తెచ్చారు, కాళ్ళు మొక్కారు. పోశమ్మ అని, మా వీధి చివర కూరగాయలమ్మే ఆవిడ, వంగి దండం పెట్టి, "నా బిడ్డకు ఈ ఏడన్న సంబంధం కుదురుతదా తల్లీ?" అని అడిగింది.

"జొన్నలు తెచ్చినవా, గోధుమలు తెచ్చినవా పోశమ్మా?" అంది సంతోషి. అది కూడా అమ్మవారి వాక్కేనని, ఏదో గూఢార్థం ఉందని ఆవిడ ఇంటికి పోయి అందరికీ చెప్పింది. నవ్వాలా, ఏడవాలా?

అందరికంటే సంబరపడ్డది బాలరాజ్ వాళ్ళన్న పరశురాం. మైసమ్మ గుడి కమిటీలో అతనిదే పెత్తనం. నాగులమ్మకు మోకాళ్ళు పట్టేసి నిలబడలేకపోతోంది, ఈ ఏడు గుడి ముందు శిగమూగడానికి మనిషి ఎవరా అని కమిటీలో తర్జనభర్జన పడుతున్నారు. తమ ఇంట్లోంచే ఇంకో మనిషి లేచిందంటే ఆ పరువు ఇల్లు దాటిపోదు. వచ్చి గిర్నిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"బోనాల నాడు నువ్వే నిలవడాలె. ఇగ పట్నం హాళ్ళు గీళ్ళు బంద్. అమ్మ ఎక్కిన మనిషి యాడవడితె ఆడ ఊగొద్దు" అన్నాడు.

"అమ్మ రాలేదు బావా. పాటలు మంచిగున్నయని ఊగిన."

పరశురాం ఆ మాట విననట్టే లేచి వెళ్ళిపోయాడు. కానీ బాలరాజ్ విన్నాడు. ఐలేష్ షాపులో అసలు వీడియో, బీరు గ్లాసులతో సహా, అప్పటికే చూసి వచ్చాడు. పాపం తిట్టలేదు, కొట్టలేదు. తిడితే నాకు ఇంత మండేది కాదేమో. నేనక్కడే ఉన్నానని కూడా చూడకుండా ఆవిణ్ణి బతిమాలాడు.

"అమ్మవారే వచ్చిందని అను సంతోషీ. ఒక్క మాట. అందరి నోర్లు మూతవడ్తయి. లేకుంటె పోరగాండ్ల నడుమ, తాగెటోళ్ళ నడుమ ఎగిరొచ్చిందంటరు. నేను ట్యాంకర్ ఏసుకొని ఏ వాడకట్టుకు పోవాలె?"

"రాలేదు గదా."

"రాలేదని నీకు, నాకే ఎరుక."

"నాకు ఎరుకైతె సాలదా?"

బాలరాజ్ బయటికి వెళ్ళిపోయాడు. అమ్మవారు ఊపితే ఊగొచ్చు, కాళ్ళు మొక్కుతారు. తనంతట తను ఊగితే తప్పు. అదే మెడ, అదే జుట్టు, అదే మనిషి. ఊళ్ళో వినాయకుడి ఊరేగింపులో మగవాళ్ళు ట్రాక్టరు ముందు పడి దొర్లుతారు కదా, వాళ్ళ మీదికి ఏ దేవుడు వచ్చాడని ఎవరైనా అడిగారా? ఇంటికొచ్చి మా ఆయనతో ఇదంతా చెప్తే, "మనకెందుకొచ్చిన గొడవ, అమ్మవారేనని అనేస్తే పోలా?" అన్నారు. ఆ పూట ఆయనకు చారు కాయలేదు.

సాయంత్రం గిర్ని కట్టేశాక సంతోషి మా మెట్ల మీదికి వచ్చి కూర్చుంది.

"పుట్టినకాడ్నుంచి నా కోసమని ఒక్క దినం పోయినక్కా. నాకు ఇష్టమై పోయిన. గా ఒక్క దినం గూడ నాది గాదంటె ఎట్ల?" అంది.

ఎవరికైనా ఒక్క రోజు ఇంత బరువవుతుందా? అవుననేస్తే ఊరు నెత్తిన పెట్టుకుంటుంది, మొగుడు కుదుటపడతాడు, గిర్ని ముందు బారు నిలబడుతుంది. కానీ ఆ ఆదివారం ఆవిడది కాకుండా పోతుంది, ఇక ఎప్పటికీ అలా వెళ్ళలేదు. కాదంటే మిగిలేది ఆ ఒక్క ఆదివారమే.

బోనాల ముందు గురువారం పొద్దున పరశురాం కమిటీవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. పళ్ళెంలో ఎర్రచీర, పసుపు, కుంకుమ, వేపమండలు. ఇక్కడో పద్ధతుంది. అంతకుముందు ఎవరి మీదికి అమ్మవారు వచ్చేదో ఆ పెద్దావిడే కొత్త మనిషిని అడగాలి, నమ్మకం కుదిరితే తన చేత్తో బొట్టు పెట్టాలి. నేను కుట్టు వదిలేసి పరిగెత్తాను. నాగులమ్మ మంచం మీద కాళ్ళు బారజాపుకుని కూర్చుని ఉంది. సంతోషి గిర్ని ఆపి, చేతులు తుడుచుకుంటూ వచ్చి ముందు నిలబడింది. బాలరాజ్ పళ్ళెం పట్టుకున్నాడు.

నాగులమ్మ కోడల్ని చాలాసేపు ఎగాదిగా చూసింది.

"నా మీదికి అమ్మ వస్తె నాకేం యాదికుండదు బిడ్డా. డప్పు మొదలైంది యాదికుంటది. ఎనక ఎవ్వలో నీళ్ళు తాపింది యాదికుంటది. నడుమ ఏం లేదు. మరి నీకేం యాదికున్నది?"

"ఏం యాదికి లేదను" అన్నాడు పరశురాం మెల్లగా. బాలరాజ్ కోరిక కూడా అదేనని మొహం చూస్తే తెలుస్తోంది.

సంతోషి భర్త వైపు ఒకసారి చూసింది. తర్వాత అత్తగారి వైపు తిరిగింది.

"అంత యాదికున్నదత్తా. ఏ పాట తర్వాత ఏ పాట పాడిన్రో యాదికున్నది. డ్రమ్ము కొట్టే పిలగాని మోచేతికి కట్టు ఉండె. నా పక్కకున్న పోరి చెప్పు తెగితె చేత పట్టుకొని ఎగిరింది. అమ్మ రాలేదు. నేనే ఊగిన. నాకు మంచిగనిపించి ఊగిన."

కమిటీవాళ్ళలో ఒకడు నేల చూస్తూ చెప్పులు తొడుక్కున్నాడు.

"పరువు తీసినవ్. రేపటి సంది నీ గిర్నికి ఎవ్వలొస్తరో నేను గూడ చూస్త" అన్నాడు పరశురాం. అన్నంత పనీ చేసే మనిషే. నాకు నోరు ఆగలేదు. "నా పిండి ఇక్కడే పట్టిస్తాను, మీరు చూస్తూ నిలబడండి" అన్నాను. అతను నన్ను లెక్కచెయ్యలేదు. తల్లి వైపు తిరిగి, "చెప్పవేందమ్మా ఆమెకు?" అన్నాడు.

"చెప్పేదేమున్నది? అమ్మ రాలేదంటున్నది గదా. పళ్ళెం ఎత్తుకపోండ్రి" అంది నాగులమ్మ.

పరశురాం విసురుగా వెళ్ళిపోయాడు, మిగతావాళ్ళూ వెనకే వెళ్ళారు. బాలరాజ్ మాత్రం గడప దగ్గర ఆ పళ్ళెం పట్టుకుని, పోవాలో ఉండాలో తెలియక నిలబడిపోయాడు. నాగులమ్మ కొడుకు వంక చూడలేదు. సంతోషిని చెయ్యి పట్టి మంచం మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"కొత్త కోడలుగ వచ్చిన ఏడు సంది ఊగుతున్న. ఊరంత చూసింది. నేను మాత్రం ఒక్కనాడు చూసుకోలె" అంది. ఆవిడ గొంతు అంత చిన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు. "ఎట్లుంటదే? ముందు సంది చెప్పు."

సంతోషి తన పసుపు పాదాల వంక చూసుకుంది.

"ముందుగాల కాళ్ళల్లకు వస్తదత్తా" అంది.

నాగులమ్మ మంచం మీంచి కాళ్ళు దించి, రెండు పాదాలూ నేల మీద ఆనించింది.